ఎర్ర పాండాకు మిగులు లేదు: తూర్పు హిమాలయాల్లో సంరక్షణ ఎక్కడ మొదలవ్వాలి

ఎర్ర పాండాను కాపాడాలనగానే చాలామందికి వేటగాళ్లు, చర్మాల స్మగ్లింగు గుర్తొస్తాయి. అవి లేవని కాదు. కానీ తూర్పు నేపాల్, డార్జిలింగ్, సిక్కిం, అరుణాచల్ కొండల్లో ఈ జంతువును ఏటేటా తగ్గిస్తున్నవి చాలావరకు ఊళ్లో రోజూ కళ్లబడేవే. కట్టెయ్యకుండా వదిలిన కుక్క, అడవిలోకి తోలిన పశువులు, పొయ్యికోసం కొట్టిన ఎండుచెట్టు, వాలును తవ్వి వేసిన మట్టి రోడ్డు. ఇవే కుక్కలూ పశువులూ చిరుతపులి తిరిగే అడవిలో ఉంటే చిరుతకు పెద్దగా పోయేదేమీ లేదు. ఎర్ర పాండా మాత్రం వీటికే చిక్కిపోతోంది. ఎందుకో తెలియాలంటే ముందు దాని కడుపు సంగతి తెలియాలి.

మాంసాహారి పేగులు, వెదురు తిండి

వర్గీకరణ ప్రకారం ఎర్ర పాండా మాంసాహార గణానికి చెందిన జంతువు. దాని కుటుంబంలో ఈనాటికి బతికున్నది ఇదొక్కటే. దగ్గరి చుట్టాలు నీరుకుక్కలు, మార్టెన్లు, రకూన్లు, స్కంకులు. నలుపు తెలుపు పెద్ద పాండా ఎలుగుబంటి జాతి, దానితో దీనికి చుట్టరికం చాలా దూరం. తోక కాకుండా పొడవు 50-65 సెంటీమీటర్లు, బరువు మూడు నుంచి ఆరు కిలోలు. గుబురు తోక దాదాపు ఒంటి పొడవులో మూడొంతుల దాకా ఉంటుంది.

ఈ జంతువు తినేది ప్రధానంగా వెదురాకు. పేగులు మాత్రం మాంసం అరిగించుకునేవే: పొట్టిగా, సాదాగా ఉంటాయి. ఆవుకున్నట్టు ఆకును పులియబెట్టి నెమరు వేసే ఏర్పాటేదీ లేదు. తిన్న ఆకు కొన్ని గంటల్లోనే బయటికి వచ్చేస్తుంది. అందులో ఒంటికి పట్టేది నాలుగో వంతు నుంచి మూడో వంతు. ఆ లోటు పూడ్చుకోవడానికి రోజుకు తన బరువులో 20-30 శాతం తింటుంది, ఒక్కోసారి 13 గంటల వరకు తింటూనే ఉంటుంది. ఏ ఆకు పడితే ఆ ఆకు తినదు. మణికట్టు దగ్గర ఉబికి వచ్చిన ఎముకను బొటనవేలిలా వాడుకుని కొమ్మను పట్టుకుంటుంది, నోటి పక్కగా ఒక్కో లేత ఆకునూ కొరుకుతుంది. పెద్ద పాండాలాగా కాడలు నమిలే దవడ బలం దీనికి లేదు.

వసంతంలో వెదురు మొలకలు, వానలు తగ్గే వేళకు సోర్బస్ వంటి అడవి పండ్లు దొరుకుతాయి. చలికాలంలో మిగిలేది ఆకు ఒక్కటే. అందుకే ఖర్చు తగ్గించుకుంటుంది. చలి ముదిరితే తోకను ముఖం మీదికి చుట్టుకుని ముద్దలా పడుకుంటుంది, ఎండ కాస్తే కొమ్మ మీద బార్లా పడుకుంటుంది. ఏ పూట కూలీ ఆ పూటకే సరిపోయే ఇల్లు ఎలా నడుస్తుందో ఈ జంతువు శరీరం అలా నడుస్తుంది. ఒక రోజు పని పోతే ఆ లోటు తీరడానికి వారం పడుతుంది. కుక్క తరిమినప్పుడు చెట్టెక్కి నాలుగు గంటలు దిగకుండా కూర్చున్న పాండాకు ఒంటి మీద గాయం ఉండకపోవచ్చు, ఆ నాలుగు గంటల తిండి మాత్రం తిరిగి రాదు.

సంతానం కూడా తక్కువే. జనవరి-మార్చి మధ్య జతకడతాయి, జూన్-ఆగస్టు మధ్య ఈనుతాయి. కాన్పుకు సాధారణంగా రెండు పిల్లలు. పుట్టినప్పుడు ఒక్కోటి వంద గ్రాములు దాటి కొంచెం ఉంటుంది. కళ్లు తెరవడానికి రెండు మూడు వారాలు, గూడు వదలడానికి దాదాపు మూడు నెలలు పడుతుంది. ఆ మూడు నెలలు తల్లి ఒక్కతే పాలిస్తూ, మధ్యమధ్య మేతకు వెళ్లి వస్తుంటుంది. అలికిడి ఎక్కువైతే పిల్లలను మెడ పట్టి మరో గూటికి మారుస్తుంది. అలా మార్చేటప్పుడే పిల్లలు జారిపోతాయి, తడిసిపోతాయి, ఎవరి నోటికో చిక్కుతాయి.

దానికి పనికొచ్చే అడవి

2,200 నుంచి 4,800 మీటర్ల ఎత్తున నేపాల్, భారత్, భూటాన్, చైనా, మయన్మార్ దేశాల్లో ఎర్ర పాండాలున్నాయి. మొత్తం పదివేల లోపేనని అంచనా. 2015లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం (ఐయూసీఎన్) దీన్ని అంతరించే ప్రమాదంలో ఉన్న జాతిగా నిర్ధారించింది. మన వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో, అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ మొదటి అనుబంధంలో దీని పేరుంది.

పటం మీద రంగు వేసినంత మేరా అది ఉండదు. పైన పెద్ద చెట్ల నీడ, కింద దట్టమైన వెదురు, దగ్గర్లో నీరు, ఏటవాలు నేల, ఈ నాలుగూ ఒకచోట కలవాలి. వీటికి తోడు అటవీశాఖ లెక్కల్లో చోటు దొరకని సరుకొకటి ఉంది: పడిపోయిన మాను. వెదురు తలలు మనిషి ఎత్తును మించి ఉంటాయి, పాండా ఎత్తు మోకాలి దాకా కూడా రాదు. పడిన మానులు, మొద్దులు, అడ్డదిడ్డంగా పెరిగిన పొదలు ఎక్కి అది లేత ఆకును అందుకుంటుంది. పిల్లలు పెట్టేది పాత ఫర్, ఓక్ చెట్ల తొర్రల్లో, మొదళ్ల కింది బొరియల్లో. పచ్చి చెట్టు కొట్టరాదు, ఎండుకట్టె ఏరుకోవచ్చు అనే నియమం చాలాచోట్ల ఉంది. వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ నిలువునా ఎండిన చెట్టు ఈ జంతువుకు పురిటిల్లు, పడిన మాను నిచ్చెన. ఆ నియమం అక్షరాలా అమలైన అడవి పైనుంచి చూస్తే పచ్చగానే ఉంటుంది, అందులో పాండా మాత్రం ఉండదు. హెక్టారుకు కొన్ని తొర్ర చెట్లను గుర్తు వేసి వదలడం, పడిన పెద్ద మానులను ముట్టుకోకపోవడం అనే రెండు వాక్యాలు అటవీ ప్రణాళికలో చేరిస్తే పెద్దగా ఖర్చు లేకుండా దొరికే లాభం ఇంకొకటి లేదు.

డార్జిలింగ్ జిల్లాలోని సింగలీలా జాతీయ ఉద్యానం ఈ అడవికి మంచి నమూనా. విస్తీర్ణం 80 చదరపు కిలోమీటర్లకు కొంచెం తక్కువ, 1992లో జాతీయ ఉద్యానమైంది. గైరీబాస్, కాలీపోఖ్రీ చుట్టుపక్కల మాలింగో వెదురు, దాని మీద రోడోడెండ్రాన్లు, ఓక్, ఫర్ చెట్లు. ఉద్యానం పశ్చిమ అంచునే నేపాల్ సరిహద్దు. శిఖరం సందక్‌ఫూ ఎత్తు 3,636 మీటర్లు, పశ్చిమ బెంగాల్‌లో అంతకు మించిన ఎత్తు లేదు. వాతావరణం వేడెక్కే కొద్దీ అడవి పైకి జరుగుతుందంటారు. సింగలీలా అడవికి జరగడానికి పైన చోటు లేదు.

కుక్కలు

ఒక్క పనికి సరిపడా డబ్బే ఉంటే దాన్ని కుక్కల మీద పెట్టాలి. ఈ మాట సంరక్షణ సమావేశాల్లో నచ్చదు, ఎందుకంటే కుక్కలకు టీకాలు వేసే ఫొటో చూసి ఎవరూ చందా ఇవ్వరు.

కుక్క మూడు రకాలుగా చంపుతుంది. పట్టి చంపడం ఒకటి, తరిమి తిండి చెడగొట్టడం రెండు, రోగం అంటించడం మూడు. మూడోది అన్నిటికన్నా ప్రమాదం. కుక్కల్లో వచ్చే డిస్టెంపర్ వైరస్ ఎర్ర పాండాకు సోకితే బతికే అవకాశం దాదాపు లేదు. దగ్గు, తుమ్ము, ముక్కు స్రావాల ద్వారా పాకుతుంది. బయట ఎండలో ఆ వైరస్ ఎక్కువసేపు నిలవదు, చలిలో మాత్రం నిలుస్తుంది. మూడు వేల మీటర్ల ఎత్తున మంచు, తేమ, చెట్ల నీడ దానికి అనుకూలం.

పాండాలకే టీకా వెయ్యొచ్చు కదా అనిపిస్తుంది. కుక్కలకు వేసే మామూలు డిస్టెంపర్ టీకాలో బలహీనపరిచిన సజీవ వైరస్ ఉంటుంది. గతంలో జూలలో దాన్ని ఎర్ర పాండాలకు వేస్తే ఆ టీకా వల్లే జబ్బు చేసి చనిపోయాయి. ఇప్పుడు జూలలో వేరే వైరస్ మీద డిస్టెంపర్ భాగాన్ని అతికించి తయారుచేసిన టీకా వాడతారు. దాన్ని మళ్లీ మళ్లీ ఇవ్వాలి. అడవిలో తిరిగే జంతువును పదేపదే పట్టి సూది వెయ్యడం జరిగే పని కాదు. కాబట్టి కవచం కుక్కల చుట్టూ కట్టాలి.

కుక్కపిల్లకు ఆరు-ఎనిమిది వారాల వయసులో మొదటి మోతాదు వేస్తారు. ఆ తర్వాత మూడు నాలుగు వారాలకోసారి, 16 వారాలు నిండేదాకా. తల్లిపాల నుంచి వచ్చిన రక్షణ ఒంట్లో ఉన్నంతకాలం టీకా పట్టదు, అందుకే ఇన్ని సార్లు. కొండ ఊళ్లలో పని చెడేది ఇక్కడే: ఒక శిబిరం పెట్టి, ఒక రోజు సూదులు వేసి, ఫొటోలు తీసుకుని దిగిపోతారు. ఆ ఒక్క మోతాదు చిన్న పిల్లల్లో సగానికి సగం వృథా. పొడిరూపంలో వచ్చే టీకాను రెండు నుంచి ఎనిమిది డిగ్రుల మధ్య మోసుకెళ్లాలి, ద్రవంలో కలిపాక గంటలోపు వాడేయాలి. జీపు దిగి నాలుగు గంటలు నడిచి వెళ్లే ఊరికి ఐసు కరిగిన పెట్టెతో చేరితే అక్కడ వేసేది నీళ్లతో సమానం. పెట్టెలో చిన్న ఉష్ణోగ్రత నమోదు పరికరం ఉంటే ఆ సంగతి ముందే తెలుస్తుంది, అది లేకపోతే ఎప్పటికీ తెలియదు.

టీకా ఒక్కటీ చాలదు. ఉదాహరణకు ఒక ఊళ్లో 40 కుక్కలుంటే 28 కుక్కలకు, అంటే 70 శాతానికి టీకా వేశారనుకుందాం. ఏడాదిలో మూడో వంతు చనిపోయి వాటి స్థానంలో కొత్త పిల్లలు వస్తే టీకా పడినవి 19 దగ్గర ఆగుతాయి, సగానికన్నా తక్కువ. రేబిస్‌ను ఆపడానికి 70 శాతం సరిపోతుందంటారు. డిస్టెంపర్ అంతకన్నా వేగంగా పాకే జబ్బు. పిల్లలు పుట్టకుండా శస్త్రచికిత్స కలపకపోతే ప్రతి ఏడూ మొదటి మెట్టు నుంచే మొదలుపెట్టాలి.

వేళ కూడా ముఖ్యం. పశువుల కాపరులు చలికాలం కింది ఊళ్లలో ఉంటారు, ఏప్రిల్-మే నెలల్లో కుక్కలతో సహా పై మేతభూములకు ఎక్కుతారు. పాండాలు ఈనేది ఆ తర్వాతే. ఫిబ్రవరిలో మొదలుపెడితే రెండు మూడు మోతాదులూ పూర్తయ్యాకే కుక్క పైకి వెళ్తుంది. జూన్‌లో శిబిరం పెడితే కుక్కలు అప్పటికే గూళ్ల మధ్య తిరుగుతుంటాయి, పట్టుకుందామన్నా దొరకవు.

ట్రెక్కింగ్ దారిలోని కుక్కల సంగతి వేరు. వాటికి యజమానంటూ ఎవరూ ఉండరు, బసల దగ్గర పారేసిన అన్నం తిని బతుకుతాయి, బిస్కెట్ వేసిన యాత్రికుడి వెంట మరుసటి మజిలీ దాకా నడుస్తాయి. మైళ్ల తరబడి అడవిని దాటించి వాటిని తీసుకెళ్తున్నది ఆ బిస్కెట్టే. మూతలున్న చెత్తడబ్బాలు పెట్టడం, మిగిలిన తిండిని పూడ్చడం, దారిలో కుక్కలకు ఏమీ పెట్టవద్దని గైడ్ల చేత చెప్పించడం, ఇవన్నీ చిన్న పనులే. కానీ ఇవి చెయ్యని చోట కుక్కల సంఖ్య ఎప్పటికీ తగ్గదు.

పశువులు, జున్ను, పొయ్యి

నేపాల్‌లోని లాంగ్‌టాంగ్ లోయలో శాస్త్రవేత్త ప్రహ్లాద్ యోన్‌జోన్ చేసిన అధ్యయనం ఈ రంగంలో పునాది లాంటిది. 1991లో మాల్కం హంటర్‌తో కలిసి ఆయన ప్రచురించిన విశ్లేషణలో ఒక గొలుసు కనిపిస్తుంది. 1950ల నుంచి స్విస్ సాయంతో అక్కడ జున్ను తయారీ మొదలైంది. జున్నును ఎక్కువగా కొన్నది విదేశీ యాత్రికులు. గిరాకీ పెరిగేకొద్దీ చౌరీల మందలు, అంటే యాక్‌కూ ఆవుకూ పుట్టిన పాడిపశువుల మందలు, పెరిగాయి. అవి వెదురును మేశాయి, మొలకలను తొక్కాయి. వెంట వచ్చిన కాపరులు, వాళ్ల కుక్కలు పిల్లల చావులకు కారణమయ్యాయి. పాలు కాచడానికి అడవి కట్టె కాలింది. ఈ గొలుసులో ఎవరూ ఎర్ర పాండాకు చెడు తలపెట్టలేదు, అందుకే పోలీసులతో ఆగే వ్యవహారం కాదిది.

మేత తగ్గించాలంటే పశువులు తగ్గాలి. పశువులు తగ్గాలంటే పాడి తగ్గకూడదు. కొట్టంలో కట్టి మేపేందుకు పొలం గట్ల మీద గడ్డి పెంచుకోవాలి. తూర్పు నేపాల్ ఇలాం ప్రాంతంలో చీపురుకు పనికొచ్చే అమ్రిసో గడ్డి వేస్తారు. ఆకు పశువుకు మేత, పూత చీపురుగా అమ్మకం, వేళ్లు వాలు మట్టిని పట్టి ఉంచుతాయి. ఇలాంటి మొక్క దొరికిన చోట రైతుకు నచ్చజెప్పే పనే పడదు. దొరకని చోట, మేత పూర్తిగా నిషేధించేకన్నా మొలకలొచ్చే మే-జులై నెలల్లో వెదురు తోపులను మూసి, మిగతా కాలం వంతులవారీగా తెరవడం నిలబడుతుంది. నిషేధం కాగితం మీద ఉంటే రాత్రిపూట మేస్తారు. అప్పుడు కుక్కలు ఇంకా ఎక్కువ వస్తాయి.

పొయ్యిల పథకాలు చాలాచోట్ల దెబ్బతిన్నాయి, కారణం సులువైనదే. కట్టె తక్కువ తాగే పొయ్యి వేడిని గిన్నె కిందికే పంపుతుంది. మూడు వేల మీటర్ల ఎత్తున వంటింటి పొయ్యి వంటకే కాదు, ఇల్లు వెచ్చబడటానికి, మాంసం, మొక్కజొన్న కంకులు ఆరడానికి కూడా. కొత్త పొయ్యి వెచ్చదనం ఇవ్వకపోతే పాతది పక్కనే వెలుగుతుంది. రెండు పొయ్యిలకు కట్టె ఇంకా ఎక్కువ పడుతుంది. ఇనుప ఒళ్లు, గది మధ్యలోంచి పోయే గొట్టం ఉన్న పొయ్యి అయితే రెండు అవసరాలూ తీరతాయి. గొట్టంలో మసి నెల రెండు నెలలకోసారి దులపాలి, దులపకపోతే పొగ వెనక్కి తంతుంది, పొయ్యి మూల పడుతుంది. పొయ్యితోపాటు గొట్టం దులిపే పొడవాటి బ్రష్ ఇచ్చిన పథకాలకు, ఇవ్వని పథకాలకు తేడా రెండో చలికాలంలో తెలుస్తుంది.

వెదురు నాటడం

మొక్కలు నాటిన లెక్కల్లో ఎక్కువగా చెట్లే కనిపిస్తాయి. పాండా తినేది చెట్టు కాదు. మాలింగో తిరిగి రావాలంటే, వానలు పడగానే ఏడాది రెండేళ్ల వయసున్న గెడను దుంపతో సహా తవ్వాలి, దుంప మీద చెడని మొగ్గలున్నాయో లేదో చూడాలి, గెడను మూడు నాలుగు కణుపుల ఎత్తున కోసి, వేరు ఆరకముందే అదే రోజు నాటాలి. ముసలి గెడ దుంప తీసుకుంటే మొలక రాదు. పూర్తిగా బోడి నేలలో నాటితే ఎండకూ మంచుకూ మాడుతుంది, కొంచెం చెట్టు నీడ ఉండాలి. మూడు నాలుగేళ్లు పశువు మూతి తగలకుండా కంచె నిలవాలి. నాటడానికి డబ్బు ఇచ్చి కంచె మరమ్మతుకు ఇవ్వని పథకంలో రెండో ఏడు వానలకు కంచె పడిపోతుంది, మూడో ఏడుకు గుంతలు మాత్రం మిగులుతాయి.

వెదురుకు ఇంకో గుణముంది. చాలా రకాలు ఏళ్ల తరబడి పూయకుండా ఉండి, ఒక్కసారిగా కొండంతా పూసి, విత్తనమిచ్చి ఎండిపోతాయి. ఆ విత్తనం మొలిచి మళ్లీ పొదగా చిక్కబడటానికి చాలా ఏళ్లు పడుతుంది. ఇంతకు ముందు పాండా పక్క వాలుకు, పక్క లోయకు వెళ్లి ఆ కాలం గడిపేది. మధ్యలో పొలాలు, రోడ్లు వచ్చాక వెళ్లే దారి లేదు. ఒకే రకం వెదురు ఒకేచోటి దుంపల నుంచి నాటితే అదంతా ఒకేసారి పూసి ఒకేసారి పోతుంది. అందుకని వేరు వేరు చోట్ల నుంచి, వీలైతే రెండు మూడు రకాలు కలిపి నాటాలి.

రోడ్లు, ఉచ్చులు

తూర్పు నేపాల్‌లోని ఇలాం ప్రాంతంలో 2019లో రెడ్ పాండా నెట్‌వర్క్ సంస్థ పది ఎర్ర పాండాలకు జీపీఎస్ పట్టీలు వేసింది. ఆరు ఆడవి, నాలుగు మగవి. దంబర్ బిస్తా బృందం ఆ సమాచారాన్ని విశ్లేషిస్తే మగదాని సంచార ప్రాంతం ఆడదానికన్నా దాదాపు రెట్టింపని తేలింది: ఆడదానికి సుమారు ఒక చదరపు కిలోమీటరు, మగదానికి ఒకటిన్నర పైన. అడవి పలచబడిన చోట అదే జంతువు ఇంకా విశాలమైన మేర తిరగాల్సి వస్తుంది. తిరిగితే ఖర్చు, ఖర్చు భరించే మిగులు దానికి లేదు.

మట్టి రోడ్డు వెయ్యడానికి వారం చాలు. డోజర్ తవ్విన మట్టిని, రాళ్లను కిందికి నెట్టేస్తారు. ఆ మట్టి వాలు పొడవునా జారి వెదురును కప్పేస్తుంది. రోడ్డు వెడల్పు ఐదు మీటర్లే ఉండవచ్చు, కింద పోయిన వెదురు దానికి ఎన్నో రెట్లు. తవ్విన మట్టిని మోసుకెళ్లి చదును చోట పోయాలన్న షరతు టెండర్లోనే ఉండాలి. పని మొదలయ్యాక అడిగితే కాంట్రాక్టరుకు అది అదనపు ఖర్చు. వాగులున్న చోట రెండు వైపుల చెట్ల కొమ్మలు కలిసేలా నీడను వదిలితే జంతువు నేల మీదికి దిగకుండానే దాటుతుంది.

ఉచ్చులు సాధారణంగా పాండాల కోసం పెట్టరు. కస్తూరి మృగానికి, మొరిగే జింకకు, అడవిపందికి పెట్టిన తీగ ఉచ్చులో ఇది పడుతుంది. చర్మాల విషయంలో వదంతి పెద్ద శత్రువు: కొనేవారున్నట్టు గట్టి ఆధారాలు తక్కువ, చర్మానికి పెద్ద ధర పలుకుతుందన్న మాట మాత్రం ఊళ్లలో తిరుగుతూ ఉంటుంది. ఖాట్మండూలో పట్టుబడ్డ చర్మాల వార్తలు వచ్చినప్పుడు ఆ వార్తల్లో ఊహించిన ధర రాస్తే ఆ వదంతికి బలం ఇచ్చినట్టే. పత్రికలు ఆ అంకె రాయకపోవడమే మేలు.

లెక్క ఎలా తెలుస్తుంది

ఎర్ర పాండా కనబడటం అరుదు కాబట్టి దాని పెంటికలను లెక్కపెడతారు. ఒకేచోట, చాలావరకు పెద్ద కొమ్మ మీదో మాను మీదో, మళ్లీ మళ్లీ వేసే అలవాటు దానికుంది. పెంటిక కదురు ఆకారంలో, రెండు చివర్లా సన్నగా ఉంటుంది. తాజాదైతే పచ్చగా, తడిగా ఉండి విరిస్తే ఆకు ముక్కలు కనిపిస్తాయి. రోజులు గడిచేకొద్దీ గోధుమరంగుకు మారి పొడి అవుతుంది. ఎత్తును బట్టి సమాంతరంగా గీతలు గీసుకుని, ఆ గీతల వెంట నడుస్తూ గుర్తులు నమోదు చేస్తారు. నేపాల్‌లో స్థానికుల నుంచే ఎంచుకున్న అటవీ సంరక్షకులు ఈ పనిని ఏడాదిలో విడతలుగా చేస్తారు.

పొరపాటు వానాకాలంలో జరుగుతుంది. జులైలో కొమ్మ మీది గుర్తులు ఒక్క రాత్రి వానకు కొట్టుకుపోతాయి, కాబట్టి జులై లెక్కను నవంబరు లెక్కతో పోల్చి జంతువులు తగ్గాయనడం తప్పు. ఏ నెల లెక్కను ఆ నెలతోనే, అదే దారిలో, వీలైతే అదే మనిషి చేత పోల్చాలి. కెమెరాలు పెట్టేటప్పుడు పెంటికలున్న కొమ్మకో, పడిన మానుకో గురిపెడితే ఫలితం ఉంటుంది. ఎదురుగా ఉన్న వెదురాకులు కత్తిరించకపోతే గాలికి ఊగే ఆకులే వేల ఫొటోలు నింపి బ్యాటరీ తాగేస్తాయి. అలాగని ఎక్కువ కత్తిరిస్తే జంతువు ఆ దారి మానేస్తుంది.

డీఎన్ఏ పరీక్షలు ఇంకో సంగతి చెప్పాయి. హిమాలయ ఎర్ర పాండా, చైనా ఎర్ర పాండా వేర్వేరు జాతులని 2020లో జన్యు అధ్యయనం ఒకటి ప్రతిపాదించింది, హిమాలయ జాతిలో జన్యు వైవిధ్యం తక్కువని చూపింది. 2021లో జూలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా శాస్త్రవేత్తలు అరుణాచల్‌లోని సియాంగ్ నది ఆ రెంటికీ సరిహద్దని సూచించారు. అంటే రెండు రకాలూ మన దేశంలోనే ఉన్నాయి. పట్టుబడిన జంతువును అడవిలో వదిలేముందు అది నదికి ఏ వైపుదో తేల్చుకోవాలి, లేకపోతే మంచి చేయబోయి జాతులను కలిపేసినట్టవుతుంది.

జూ నుంచి అడవికి

డార్జిలింగ్‌లోని పద్మజా నాయుడు హిమాలయన్ జంతుప్రదర్శనశాల పేరు తెలుగువాళ్లకు కొత్త కాదు. సరోజినీ నాయుడు కూతురు, హైదరాబాద్‌లో పుట్టిన పద్మజ 1956 నుంచి 1967 వరకు పశ్చిమ బెంగాల్ గవర్నరుగా ఉన్నారు. 1958లో మొదలైన జూకి 1975లో ఆమె పేరు పెట్టారు. ఇక్కడ 1990ల నుంచి యూరప్ జూల నుంచి కూడా జంతువులను తెచ్చి, రక్తసంబంధం లేని జతలు కలుపుతూ ఎర్ర పాండాలను పెంచుతున్నారు. హైదరాబాద్‌లోని కణ, అణు జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ ఈ జూతో పరిశోధనలో కలిసి పనిచేస్తోంది.

2003లో స్వీటీ, మినీ అనే రెండు ఆడ పాండాలను రేడియో పట్టీలతో సింగలీలాలో వదిలారు. మినీని అడవి జంతువు చంపింది. స్వీటీ అడవి మగదానితో జతకట్టి పిల్లను కన్నది. 2022-2024 మధ్య మరో తొమ్మిదింటిని వదిలారు, ఏడు ఆడవి, రెండు మగవి. ఆ ఏడు ఆడవాటిలో మూడు అడవిలోనే ఈని, మొత్తం ఐదు పిల్లలను కన్నాయి. ఇది చిన్న విజయం కాదు.

వదిలే పనికి క్రమం ఉంది. జూలో పుట్టినదాన్ని ముందు అడవిని ఆనుకున్న పెద్ద ఆవరణలో నెలల తరబడి ఉంచుతారు. అందులో సొంత చెట్లు, సొంత వెదురు ఉంటాయి, పళ్లెంలో పెట్టే తిండి క్రమంగా తగ్గిస్తారు, మనిషి ముఖం కనబడకుండా చూస్తారు. మనిషిని చూసి దగ్గరికొచ్చే జంతువు కుక్కను చూసీ పారిపోదు. పట్టీ బరువు ఒంటి బరువులో మూడు శాతం దాటకూడదన్న లెక్కన నాలుగున్నర కిలోల పాండాకు 135 గ్రాములే. దట్టమైన బొచ్చు మీద బిగిస్తే రాపిడి, వదులుగా వేస్తే ముందరి కాలు ఇరుక్కుంటుంది. చలికాలపు బొచ్చు రాలాక అదే పట్టీ వదులవుతుంది, కాబట్టి వేసే నెలను బట్టి కొలత మారాలి. పైన ఆకులు కమ్ముకుని ఉంటే ఉపగ్రహ సంకేతం అందదు, అందుకే రేడియో యాంటెన్నాతో మనుషులు నడవక తప్పదు.

వదిలే చోట అడవి పాండాలు ఎన్నో, ఎందుకు తగ్గాయో తెలియకుండా వదిలితే మొదటివి పోయిన కారణానికే ఇవీ పోతాయి. సింగలీలాలో కారణాల్లో కొన్ని ఉద్యానం బయట, సరిహద్దు కొండగట్టుకు అవతల ఉన్నాయి. మానేభంజ్యాంగ్ నుంచి సందక్‌ఫూ వెళ్లే దారి చాలా దూరం సరిహద్దు మీదుగానే పోతుంది. ఒక అడుగు భారత్‌లో, ఒక అడుగు నేపాల్‌లో పడుతుంది. ఈ వైపు ఉద్యానం, ఆ వైపు ఊళ్లు, సామూహిక అడవులు. నేపాల్‌లో ఎర్ర పాండా ఆవాసంలో దాదాపు 70 శాతం రక్షిత ప్రాంతాల బయటే ఉంది. అక్కడ అడవిని నడిపేది స్థానిక వినియోగదారుల సంఘాలు. అరుణాచల్‌లోనూ అడవి చాలావరకు ఊళ్ల చేతిలోనే ఉంది, తవాంగ్ వైపు పాంగ్‌చెన్ లోయలో మోన్పా గ్రామాలు తమ అడవిని తామే సంరక్షిత ప్రాంతంగా ప్రకటించుకున్నాయి. కాబట్టి ఒప్పందం అటవీ అధికారితో కన్నా ముందు ఆ సంఘంతో కుదరాలి.

సింగలీలా గట్టు మీద రెండు వైపులా కుదరాల్సినది తేదీల ఒప్పందం. కుక్కలకు టీకా రెండు దేశాల్లో ఒకే ఫిబ్రవరిలో మొదలవ్వాలి, ఒకే రంగు మెడపట్టీ కట్టాలి, ఏ కుక్కకు ఎన్ని మోతాదులు పడ్డాయో ఇరువైపులా చదవగలిగే ఒకే పుస్తకంలో రాయాలి. మేత మూసే నెలలు కూడా రెండు వైపులా ఒకటే కావాలి, లేకపోతే ఇటు మూసిన నెలలో మందలు గట్టు దాటి అటు వాలును నున్నగా మేసేస్తాయి. ఈ పనికి ఢిల్లీ, ఖాట్మండూల మధ్య ఒడంబడిక కోసం ఆగనక్కర్లేదు. గట్టుకు ఇరువైపులా ఉన్న పశువైద్య కేంద్రాలు, సామూహిక అటవీ సంఘాలు, ఉద్యాన రేంజి అధికారి జనవరిలో ఒకసారి కూర్చుంటే ఆ ఏడాది తేదీలు ఖాయమవుతాయి.